మార్చి నెలాఖరు పన్ను లెక్కలు, రిటైర్మెంట్ పొదుపు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ 2026 మార్చి 31తో ముగిసే 2025-26 ఆర్థిక సంవత్సరానివి. జీతగాళ్ళు, పింఛనుదారులు, దుకాణాలు, చిన్న వ్యాపారాలు నడుపుకునేవాళ్ళు ఏటా ఈ నెలలో అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను. 80సీ లేదు కదా, ఇక పొదుపు ఎందుకు?

ఈ రెండేళ్ళలో ఎక్కువగా వినిపిస్తున్న ప్రశ్న ఇదే, అన్నిటికంటే ఆందోళన కలిగించేదీ ఇదే. పన్ను వరకు చూస్తే మీ మాట నిజం. 80సీ అంటే పొదుపుల మీద ఏడాదికి లక్షన్నర దాకా పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్. కొత్త విధానంలో పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్), ఎల్ఐసీ, ఇంటి అప్పు అసలు, పిల్లల ట్యూషన్ ఫీజు, వీటిలో దేనికీ మినహాయింపు లేదు. మార్చిలో హడావిడిగా ఎక్కడో డబ్బు పెట్టాల్సిన పనీ లేదు.

కానీ మన ఇళ్ళలో చాలామందికి పొదుపు అలవాటైంది ఆ 80సీ పుణ్యమానే. పన్ను కోసమని ఏడాదికి లక్షన్నర పక్కన పెట్టేవాళ్ళు, ఆ బలవంతం పోగానే ఆ డబ్బును ఈఎంఐలకు మళ్ళిస్తున్నారు. పన్ను రేటు తగ్గి చేతిలో మిగిలిన డబ్బు ఎటు పోయిందో ఒక్కసారి చూసుకోండి. అరవై ఏళ్ళ తర్వాతి ఖర్చు ఏ పన్ను విధానంలో ఉన్నా ఒక్కటే. పన్ను మినహాయింపు లేకపోయినా పీపీఎఫ్ వడ్డీకి కొత్త విధానంలోనూ పన్ను లేదు, మెచ్యూరిటీకీ లేదు. ఈ విషయం తెలియక ఖాతా ఆపేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అలా ఆగిన ఖాతాను, కట్టని ప్రతి ఏడాదికీ కనీస మొత్తం 500 రూపాయలు, 50 రూపాయల జరిమానా కట్టి మళ్ళీ నడిపించుకోవచ్చు.

పాత విధానం, కొత్త విధానం: నాకు ఏది లాభం?

లెక్క వేస్తేగానీ తెలియదు. ఏడాదికి 15 లక్షల జీతం ఉన్నవాళ్ళను తీసుకుందాం.

కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్ళందరికీ నేరుగా తగ్గే మొత్తం) పోతే 14.25 లక్షలు. మొదటి 4 లక్షలకు పన్ను లేదు, 4 నుంచి 8 దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, 12 నుంచి 16 దాకా 15 శాతం. మొత్తం 93,750, దాని మీద 4 శాతం సెస్ కలిపితే 97,500.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000. 80సీ కింద లక్షన్నర, ఎన్‌పీఎస్‌ (నేషనల్ పెన్షన్ సిస్టమ్)కు అదనంగా 50,000, ఆరోగ్య బీమాకు 25,000, ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు, ఇవన్నీ నిండుగా చూపించినా పన్ను కట్టాల్సిన ఆదాయం 10.25 లక్షలు. సెస్‌తో కలిపి పన్ను 1,24,800. అంటే ఇన్ని ఉన్నా కొత్త విధానమే తక్కువ. ఈ జీతానికి పాతది లాభించాలంటే స్టాండర్డ్ డిడక్షన్ కాకుండా 5.44 లక్షల దాకా మినహాయింపులు ఉండాలి. ఇంటి అప్పుతో పాటు పెద్ద మొత్తంలో హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా ఉన్నవాళ్ళకే అది సాధ్యం.

12 లక్షల దాకా పన్ను లేదంటున్నారు. 10,000 ఎక్కువ వస్తే మొత్తం పన్ను కట్టాలా?

అక్కర్లేదు. పన్ను కట్టాల్సిన ఆదాయం 12,10,000 అయితే మామూలు లెక్క ప్రకారం 61,500 పన్ను పడాలి. కానీ మార్జినల్ రిలీఫ్ వల్ల 12 లక్షలు దాటిన 10,000కు మించి పన్ను వేయరు, దాని మీద సెస్ మాత్రం ఉంటుంది. జీతగాళ్ళకు స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి ఈ హద్దు 12.75 లక్షలు.

జాగ్రత్త పడాల్సింది షేర్లు అమ్మినవాళ్ళు. షేర్ల లాభాల మీద ప్రత్యేక రేట్లతో పడే పన్నుకు కొత్త విధానంలో 87ఏ రిబేటు, అంటే 12 లక్షల దాకా పన్ను లేకుండా చేసే ఈ తగ్గింపు, వర్తించదు. మొత్తం ఆదాయం 12 లక్షల లోపే కదా అని ధీమాగా ఉండకండి.

ఆఫీసులో కొత్త విధానం అని రాసిచ్చాను. రిటర్న్ వేసేటప్పుడు మార్చుకోవచ్చా?

జీతం మాత్రమే ఉన్నవాళ్ళు గడువు లోపు వేసే రిటర్న్‌లో ఏటా మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ళకు అంత వెసులుబాటు లేదు. పాత విధానం కావాలంటే రిటర్న్ గడువు లోపు ఫారం 10-ఐఈఏ వేయాలి. ఆ తర్వాత కొత్త విధానంలోకి తిరిగి వస్తే, వ్యాపారం ఉన్నంతకాలం మళ్ళీ పాతదానికి వెళ్ళడం కుదరదు. కాబట్టి వ్యాపారులు ఒక్క ఏడాది లెక్క చూసి నిర్ణయం తీసుకోవద్దు.

పాత విధానంలోనే ఉన్నాను, 80సీలో ఇంకా 60,000 ఖాళీ ఉంది. తెలిసిన ఏజెంటు పాలసీ తీసుకోమంటున్నారు. తీసుకోనా?

ముందు ఆ ఖాళీ నిజంగా ఉందో లేదో చూడండి. పే స్లిప్పులో కోత పడుతున్న పీఎఫ్, పిల్లల స్కూలు ఫీజులో ట్యూషన్ భాగం, ఇంటి అప్పులో అసలు కింద జమైన మొత్తం, ఇవన్నీ 80సీలోకే వస్తాయి. ప్రభుత్వ ఉద్యోగులకు జీపీఎఫ్, ప్రభుత్వ జీవిత బీమా, గ్రూప్ ఇన్సూరెన్స్ కోతలూ అంతే. ఇవన్నీ కలిపితే చాలామందికి లక్షన్నర ఎప్పుడో నిండిపోయి ఉంటుంది.

నిజంగానే ఖాళీ ఉంటే పీపీఎఫ్, ఆడపిల్ల ఉంటే సుకన్య సమృద్ధి, షేర్ల ఒడిదుడుకులు తట్టుకోగలిగితే మూడేళ్ళ దాకా డబ్బు తీయలేని ఈఎల్ఎస్ఎస్ (పన్ను ఆదా చేసే షేర్ల) ఫండు, వీటిలో మీకు నప్పేది చూసుకోండి. మార్చి చివరి వారంలో, పన్ను ఆదా అవుతుందన్న ఒక్క కారణంతో ఇరవై ఏళ్ళ ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిపి ఉండేది) మాత్రం తీసుకోవద్దు. ఒక ఏడాది పన్ను కోసం ఇరవై ఏళ్ళ బాధ్యత నెత్తిన వేసుకోవడమే అది. ఏడాదికి 60,000 కట్టలేక మధ్యలో ఆపేస్తే కట్టినదాంట్లో చాలా భాగం పోతుంది. రెండేళ్ళ ప్రీమియం పూర్తిగా కట్టకముందే పాలసీ ఆగిపోతే, అంతకుముందు తీసుకున్న మినహాయింపు కూడా తిరిగి ఆదాయంలో కలుస్తుంది. ఇంటిల్లిపాదీ మీ సంపాదన మీద ఆధారపడి ఉంటే టర్మ్ పాలసీ (పొదుపు లేని, ప్రాణానికి మాత్రమే బీమా) తప్పకుండా తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు.

ఏజెంటు దగ్గరి బంధువైతే కాదనడం కష్టమే. అయినా మీ రిటైర్మెంట్ డబ్బు మీద నిర్ణయం మీదే కావాలి.

పీపీఎఫ్‌లో మార్చి 31న వేసినా ఏప్రిల్‌లో వేసినా ఒకటే కదా?

80సీ కోసమైతే మార్చి 31 లోపు ఎప్పుడు వేసినా ఫర్వాలేదు. వడ్డీకి మాత్రం ఒకటి కాదు. ప్రతి నెలా 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ లెక్కిస్తారు. ఏప్రిల్ 5 లోపు లక్షన్నర వేస్తే ప్రస్తుత 7.1 శాతం రేటుతో ఆ ఏడాదికి 10,650 రూపాయల వడ్డీ వస్తుంది. అదే మొత్తం మార్చి చివర్లో వేస్తే ఆ ఏడాదికి వడ్డీ సున్నా. ఇదే రేటు కొనసాగితే ఏటా ఏప్రిల్ మొదట్లో లక్షన్నర చొప్పున 15 ఏళ్ళు వేసినవాళ్ళకు దాదాపు 40.68 లక్షలు చేతికొస్తాయి.

కొత్త విధానంలో రిటైర్మెంట్ కోసం మిగిలిన మినహాయింపు ఏదైనా ఉందా?

జీతగాళ్ళకు ఒకటుంది: కంపెనీ మీ తరఫున ఎన్‌పీఎస్‌లో వేసే మొత్తం. మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపిన దాంట్లో 14 శాతం దాకా కొత్త విధానంలో మినహాయింపు ఉంటుంది. పాత విధానంలో ప్రైవేటు ఉద్యోగులకు ఇది 10 శాతమే. పైన చెప్పిన 15 లక్షల జీతంలో మూలవేతనం 7.5 లక్షలనుకుంటే 1,05,000 ఎన్‌పీఎస్‌కు వెళ్తుంది, సెస్‌తో కలిపి 16,380 పన్ను తగ్గుతుంది. ఇది మీరు సొంతంగా వేస్తే రాదు, జీతం విభజనలోనే ఉండాలి. మార్చిలో అడిగితే ఈ ఏడాదికి పెద్దగా కలిసిరాదు కాబట్టి, ఏప్రిల్‌లో జీతం విభజన ఖరారు చేసేముందు హెచ్ఆర్‌ను అడగండి.

ఎన్‌పీఎస్‌లో డబ్బు చాలాకాలం చేతికి రాదని గుర్తుంచుకోండి. 2025 డిసెంబర్‌లో మారిన నిబంధనల ప్రకారం ప్రభుత్వేతర చందాదారులు 60 ఏళ్ళకు 80 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చు. కానీ పన్ను ఉండదని చట్టంలో స్పష్టంగా ఉన్నది 60 శాతానికే. ఒకేసారి తీసుకోకుండా మిగిల్చిన దాంతో వచ్చే పింఛను ఏటా మీ ఆదాయంలో కలుస్తుంది.

సీపీఎస్‌ (ప్రభుత్వ ఉద్యోగుల కాంట్రిబ్యూటరీ పింఛను పథకం)లో ఉన్న ఉపాధ్యాయుడిని. నా వాటా, ప్రభుత్వ వాటా ఎక్కడ చూపించాలి?

ప్రభుత్వం వేసే వాటాను ముందు జీతంలో కలిపి, తర్వాత 80సీసీడీ(2) కింద తీసేయాలి. రెండు విధానాల్లోనూ ఈ మినహాయింపు ఉంది. కలపడం మర్చిపోయి తీసేసినా, కలిపి తీయడం మర్చిపోయినా ఫారం 16 తప్పుతుంది, ఒకసారి సరిచూసుకోండి. మీ సొంత వాటాకు పాత విధానంలో మాత్రమే మినహాయింపు. 80సీ ఇతర పొదుపులతోనే నిండిపోతే, మీ వాటాలో 50,000 దాకా 80సీసీడీ(1బీ) కింద విడిగా చూపించుకోవచ్చు. దీనికోసం మళ్ళీ కొత్తగా డబ్బు వేయాల్సిన పని లేదు. వృత్తి పన్ను కింద ఏడాదికి పోయే 2,400 కూడా పాత విధానంలోనే తగ్గుతుంది.

హైదరాబాద్‌లో నెలకు 60,000 అద్దె కడుతున్నాను. మార్చిలో ఏమైనా చేయాలా?

చేయాలి, ఇది చాలామందికి తెలియదు. నెల అద్దె 50,000 దాటితే మామూలు ఉద్యోగి కూడా యజమానికిచ్చే అద్దెలో 2 శాతం టీడీఎస్ (ముందుగానే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. ఏడాదికి ఒక్కసారి, మార్చి అద్దెలో కోస్తే చాలు. 7.2 లక్షలకు 14,400 కోసి ఏప్రిల్ 30 లోపు ఫారం 26క్యూసీతో కట్టాలి. ఆలస్యమైతే రోజుకు 200 చొప్పున రుసుము, పైన వడ్డీ. ఇంటి యజమానికి ముందే చెబితే మార్చిలో గొడవ ఉండదు. హెచ్ఆర్ఏ లెక్కలో ఈ ఏడాదికి హైదరాబాద్‌కు 40 శాతమే వర్తిస్తుంది. ఏడాది అద్దె లక్ష దాటితే యజమాని పాన్ ఇవ్వాలి.

అమ్మానాన్నల కోసం మార్చి లోపు ఏం చూడాలి?

మీరు పాత విధానంలో ఉంటే, 60 దాటిన తల్లిదండ్రుల ఆరోగ్య బీమాకు 50,000 దాకా మినహాయింపు ఉంది. వాళ్ళకు బీమా లేకపోతే మందులు, ఆసుపత్రి ఖర్చులనే చూపించవచ్చు, నగదుగా మాత్రం కట్టి ఉండకూడదు.

వాళ్ళకు వచ్చిన రిటైర్మెంట్ డబ్బుకు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ మంచి చోటు. 30 లక్షల దాకా వేయవచ్చు, 8.2 శాతం వడ్డీ మూడు నెలలకోసారి చేతికొస్తుంది. బ్యాంకులో వడ్డీ లక్ష దాటితే టీడీఎస్ పడుతుంది. పన్ను పడే ఆదాయం లేనివాళ్ళు టీడీఎస్ కోయవద్దని బ్యాంకుకు ఇచ్చే డిక్లరేషన్ (2025-26 దాకా ఫారం 15హెచ్) ఏప్రిల్ మొదటి వారంలోనే ఇస్తే ఆ డబ్బు కోసం తర్వాత రిటర్న్ వేసి ఎదురుచూడక్కర్లేదు.

నాది కిరాణా షాపు. ఫోన్‌పేలో వచ్చిందంతా ఆదాయమని నోటీసు వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.

అమ్మకం వేరు, ఆదాయం వేరు. యూపీఐలో వచ్చింది అమ్మకం. చిన్న వ్యాపారుల కోసమే సెక్షన్ 44ఏడీ ఉంది. ఏడాది అమ్మకాలు 2 కోట్ల లోపు ఉంటే పుస్తకాలు రాయకుండానే, డిజిటల్‌గా వచ్చిన దాంట్లో 6 శాతం, నగదుగా వచ్చిన దాంట్లో 8 శాతం లాభంగా చూపించవచ్చు. నగదు 5 శాతానికి మించకపోతే ఈ హద్దు 3 కోట్లు.

ఉదాహరణకు 90 లక్షలు యూపీఐలో, 30 లక్షలు నగదులో అమ్మారనుకోండి. మొదటిదానికి 5.4 లక్షలు, రెండోదానికి 2.4 లక్షలు, మొత్తం 7.8 లక్షలు. వేరే ఆదాయం లేకపోతే కొత్త విధానంలో రిబేటు వల్ల కట్టాల్సిన పన్ను సున్నా. అయినా రిటర్న్ వేయాలి, ఎందుకంటే ఆదాయం 4 లక్షలు దాటింది. అసలు లాభం ఇంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపించాలి. రేపు ఇంటి అప్పుకు బ్యాంకు అడిగేదీ ఈ రిటర్నులే.

ఒకసారి ఈ పద్ధతిలోకి వచ్చాక, తర్వాతి ఐదేళ్ళలో ఎప్పుడైనా దీన్ని వదిలి తక్కువ లాభం చూపిస్తే మరో ఐదేళ్ళు మళ్ళీ దీనిలోకి రానివ్వరు. కమీషన్ ఆదాయానికి, అంటే బీమా ఏజెంట్లు, బ్రోకర్లకు, ఇది వర్తించదు. డాక్టర్లు, లాయర్ల వంటి వృత్తుల వాళ్ళకు వేరుగా 44ఏడీఏ ఉంది, అందులో 50 శాతం లాభం చూపాలి.

మార్చి 15 దాటిపోయింది. అడ్వాన్స్ ట్యాక్స్ ఇప్పుడు కట్టి లాభమేంటి?

లాభముంది. అడ్వాన్స్ ట్యాక్స్ అంటే ఏడాది ముగియకముందే కట్టే పన్ను, మార్చి 31 లోపు కట్టినదంతా దాని కిందే లెక్క. మార్చి 15 తప్పినందుకు కొద్దిగా వడ్డీ పడుతుంది, కానీ ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం చొప్పున పెరిగే 234బీ వడ్డీ తప్పుతుంది. 44ఏడీ వాళ్ళకు నాలుగు వాయిదాలు లేవు, మార్చి 15నే మొత్తం. టీడీఎస్ పోగా ఏడాది పన్ను 10,000 కంటే తక్కువ ఉన్నవాళ్ళకు, వ్యాపారం లేని 60 దాటినవాళ్ళకు ఈ బాధ్యతే లేదు.

సరుకు ఇచ్చిన చిన్న పరిశ్రమకు బాకీ ఉన్నాను. మార్చి 31 లోపు కట్టకపోతే?

ఆ పరిశ్రమ ఉద్యమ్‌ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు)లో సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదై ఉంటే సెక్షన్ 43బీ(హెచ్) వర్తిస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులు, లేకపోతే 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఒప్పందం లేకుండా ఫిబ్రవరి 1న తీసుకున్న సరుకుకు మార్చి 31 నాటికీ ఇవ్వకపోతే, ఆ ఖర్చు ఈ ఏడాది లెక్కలోకి రాదు, చెల్లించిన ఏడాదే వస్తుంది. మార్చి 20న తీసుకున్న సరుకుకు ఏప్రిల్ 4 లోపు ఇస్తే ఇబ్బంది లేదు. రిటర్న్ గడువు దాకా సమయముందన్న పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. కొని అమ్మే వ్యాపారులకు బాకీ పడితే ఇది వర్తించదు, తయారీదారులకు, సేవలందించేవాళ్ళకే ఈ రక్షణ.

మీరే ఆ చిన్న పరిశ్రమ అయితే బిల్లు మీద ఉద్యమ్ నంబరు అచ్చు వేయించండి. మార్చిలో రావాల్సిన బాకీలు వసూలు చేసుకోవడానికి అదే మంచి ఆయుధం. అప్పటికీ రాకపోతే కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ చట్టంలోనే ఉంది.

పనివాళ్ళ పీఎఫ్ రెండు రోజులు ఆలస్యంగా కట్టాం. నష్టమేమైనా ఉందా?

పెద్ద నష్టమే. పనివాళ్ళ జీతంలోంచి కోసిన వాటాను మరుసటి నెల 15 లోపు కట్టాలి. 2025-26 లెక్కలో ఒక్కరోజు దాటినా అది మీ ఆదాయంగా మారుతుంది, తర్వాత కట్టినా ఆ ఖర్చు ఎప్పటికీ రాదు. చెక్‌మేట్ సర్వీసెస్ కేసులో 2022లో సుప్రీంకోర్టు దీన్ని ఖరారు చేసింది. అసలు అది వాళ్ళ వృద్ధాప్యపు డబ్బు. మీ చేతిలో ఉన్నది కొద్దిరోజులే.

మార్చిలో కారు, కంప్యూటర్ కొంటే పన్ను బాగా తగ్గుతుందా?

షోరూముల్లో చెప్పినంత తగ్గదు. ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే తరుగుదల సగమే. కారుకు 15 బదులు 7.5 శాతం, కంప్యూటర్‌కు 40 బదులు 20 శాతం. 10 లక్షల కారుకు ఈ ఏడాది వచ్చే ఖర్చు 75,000. 44ఏడీలో ఉంటే అదీ రాదు. అవసరమైతే కొనండి, పన్ను కోసం కొనకండి.

షాపులో చేబదుళ్ళు మామూలే. నగదు విషయంలో హద్దులేంటి?

చేబదులైనా అప్పే. 20,000, ఆ పైన నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదుగా ఇచ్చిన ఖర్చు లెక్కలోకి రాదు. ఒకరి దగ్గర ఒక రోజులో 2 లక్షలు, ఆ పైన నగదు తీసుకోకూడదు. పుస్తకాలు మూసేముందు క్యాష్ బుక్‌లో ఇవన్నీ ఒకసారి చూడండి.

పార్ట్‌నర్‌షిప్ సంస్థలో భాగస్వాముల జీతం సంగతి?

2024-25 నుంచే హద్దు పెరిగింది. మొదటి 6 లక్షల లాభంలో 90 శాతం లేదా 3 లక్షలు, ఏది ఎక్కువైతే అది, మిగతా లాభంలో 60 శాతం. అయితే జీతం, వడ్డీ కలిపి ఒక భాగస్వామికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ కోయాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన ఈ నిబంధన చాలా సంస్థలకు ఇంకా చేరలేదు. మార్చి 31న జమ ఎంట్రీ వేస్తే టీడీఎస్ కూడా అదే రోజు పుడుతుంది.

దుకాణదారుకు పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. రిటైర్మెంట్ ఎలా?

చాలామంది వ్యాపారులు షాపే తమ పింఛను అనుకుంటారు. మోకాళ్ళు సహకరించకపోతే, కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో స్థిరపడితే ఆ షాపు ఎవరు తెరుస్తారు? వ్యాపారంలో పెట్టిన డబ్బు వ్యాపారంతోనే పోవచ్చు. అందుకని దాని చేతికి అందని చోట కొంత ఉండాలి.

పీపీఎఫ్ దీనికి చక్కగా సరిపోతుంది. అప్పులవాళ్ళు కోర్టుకెళ్ళినా పీపీఎఫ్ నిల్వను జప్తు చేయలేరు. దానికి తోడు ఎన్‌పీఎస్ ఖాతా తెరిచి, అమ్మకాలు బాగున్న నెలల్లో ఎక్కువ, మందంగా ఉన్నప్పుడు తక్కువ వేయండి. సంక్రాంతి, దసరా సీజన్ తర్వాత గల్లాలో డబ్బున్నప్పుడే వేస్తే మార్చి దాకా ఆగక్కర్లేదు. సొంత వ్యాపారికి కొత్త విధానంలో ఎన్‌పీఎస్ మినహాయింపు లేదన్నది నిజమే. అయినా వేయమనే నా సలహా.

షాపులో పనిచేసే కుర్రాళ్ళకు, పన్ను చెల్లింపుదారులు కాకపోతే, 18 నుంచి 40 ఏళ్ళ మధ్య అటల్ పెన్షన్ యోజన ఉంది. 60 దాటాక నెలకు 1,000 నుంచి 5,000 దాకా వస్తుంది. ఆ చందా మీరే కడితే వాళ్ళకు ఎంతో మేలు.

జీఎస్టీ వైపు మార్చిలో ఏం చూడాలి?

కాంపోజిషన్‌ (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ రేటుతో జీఎస్టీ కట్టే పద్ధతి)లోకి వచ్చే ఏడాదికి మారాలంటే మార్చి 31 లోపు సీఎంపీ-02 ఫారం వేయాలి. ఎగుమతిదారులు ఎల్‌యూటీ (జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీపత్రం) తిరిగి వేయాలి. ఏప్రిల్ 1 నుంచి బిల్లులకు కొత్త సిరీస్ మొదలుపెట్టాలి. జీఎస్టీలో చూపిన అమ్మకాలు, ఆదాయపు పన్ను రిటర్న్‌లో చూపేవి ఒకదానికొకటి సరిపోవాలి.

షేర్లు, ఫండ్లు మార్చిలో అమ్మి మళ్ళీ కొంటే మంచిదంటారు, నిజమేనా?

ఏడాది దాటిన షేర్లు, ఈక్విటీ ఫండ్ల లాభంలో ఏటా 1.25 లక్షల దాకా పన్ను లేదు, దాటితే 12.5 శాతం. వాడుకోని హద్దు వచ్చే ఏడాదికి రాదు కాబట్టి, ఆ మేరకు అమ్మి తిరిగి కొనుక్కోవడంలో తప్పు లేదు. 2026 మార్చి 31న మహావీర్ జయంతి సెలవు, మార్కెట్ ఉండదు. ముందే పూర్తి చేసుకోండి.

నేను అమెరికాలో ఉంటున్నాను. ఇవి నాకూ వర్తిస్తాయా?

కొన్నే. ఎన్ఆర్ఐలకు 87ఏ రిబేటు లేదు, అంటే 12 లక్షల మాట మీకు వర్తించదు. కొత్తగా పీపీఎఫ్ తెరవలేరు, ఇక్కడుండగా తెరిచింది మెచ్యూరిటీ దాకా నడుపుకోవచ్చు. ఎన్‌పీఎస్ తెరవవచ్చు. ఊళ్ళో ఇంటి అద్దె వస్తుంటే టీడీఎస్ ఎంత పడిందో ఆదాయపు పన్ను పోర్టల్‌లోని ఏఐఎస్‌ (వార్షిక సమాచార పత్రం)లో చూసుకోండి.

ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అంటున్నారు. ఇప్పటి లెక్కలు మారతాయా?

2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తుంది. 2025-26 ఆదాయానికి రిటర్న్ మాత్రం 1961 చట్టం ప్రకారమే. కొత్త చట్టంలో అసెస్‌మెంట్ ఇయర్ ఉండదు, దాని బదులు ట్యాక్స్ ఇయర్ అంటారు. సెక్షన్ నంబర్లు మారాయి, ఉదాహరణకు 80సీ అక్కడ 123. ఏప్రిల్ తర్వాత చలానా కట్టేటప్పుడు ఏ ఏడాదికి కడుతున్నారో రెండుసార్లు చూసుకోండి.